తలవంచి ఎక్కిన కొండ

మొదట్లో చేతిలో ఏముందో ముందే చెప్పడం వ్యాపారస్తుడి అలవాటు కాబట్టి చెప్పేస్తాను. నేలకు పరిచిన బూడిదరంగు పలక ఒకటి, దాని మూలన పెచ్చూడిన చోటు ఒకటి, పలక మీద వెల్లకిలా పెట్టిన నా ఫోను, వీటిని చూడటానికి ఒక మంచి కన్ను. రెండో కన్ను కూడా ఉంది గానీ అది మూట విప్పని సరుకు, బాగుందో పాడైందో రేపు పొద్దున డాక్టరమ్మ విప్పి చూసేదాకా దాన్ని ఉన్నవాటిలో కలపలేను, పోయినవాటిలోనూ కలపలేను. గోడ అవతల వసారాలో ఇందాకటిదాకా ఒక కొండ సైకిల్ ఉండేది. మా ఆవిడ దాన్ని నడిపించుకుంటూ గేటు దాటిన చప్పుడు ఇప్పుడే విన్నాను. అది తిరిగొచ్చాక ఈ ఇంట్లోనే ఉంటుందో, ఎవరింటికో వెళ్లిపోతుందో ఆవిడ మాట మీద ఉంది. ఇవీ నావి, పైగా మెడనొప్పి.

కంటి వెనక గోడకు ఒక పొర ఉంటుందట, తేమ పట్టిన గోడ మీద కాగితంలా నాకది ఒక పక్క ఊడింది. దాన్ని మళ్లీ అంటించి, పట్టు దొరికేదాకా నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాసు బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది కదా, నేను ముఖం నేలకు పెట్టుకుని ఉంటేనే అది వెళ్లి పొరను ఆనుకుంటుంది, తల ఎత్తితే పక్కకు జారిపోతుంది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చెప్పబోతే అక్కర్లేదమ్మా అన్నాను. మాది ఇనప సామాను కొట్టు, మేకులూ గొళ్లేలూ పైపులతో పాటు రసమట్టాలు కూడా అమ్ముతాం, గోడ తిన్నగా లేచిందో లేదో మేస్త్రి ఆనించి చూసుకునే ఆ గాజు గొట్టంలో బుడగ ఎంత పెంకిదో నాకు తెలుసు. ఇప్పుడు నేనే ఒక రసమట్టాన్ని, నన్ను కదపకూడదు. పడుకునే ఏర్పాటంతా మా బావమరిదిది. మంచం అంచు దాటి తల ఆనించుకునేలా పైపులు కోసి ఒక స్టాండు చేశాడు, దాని మీదికి గుండ్రంగా, నడిమి ఖాళీగా, ముఖం పట్టేంత వస్తువేం దొరుకుతుందా అని కొట్టంతా వెతికి, చివరికి కమోడు సీటు ఒకటి తెచ్చి బిగించాడు. "కొత్తదే బావా, కవరు ఇప్పుడే చింపాను. కొట్లో ఏ సరుకైనా ఒక్క పనికే అంటే నీకు నచ్చదు కదా," అన్నాడు. మా ఆవిడ దానికి తువ్వాలు చుట్టి, నా ముఖం అందులో పెట్టి, కడుపు పట్టుకుని నవ్వి, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

కిందికి చూస్తూ బతకడం కష్టమేం కాదు, కష్టమంతా చెవులది. మా వీధి చివరనే కొండ మొదలవుతుంది. మేం కొండ అంటాం గానీ నిజం కొండల్ని చూసినవాళ్లు దాన్ని దిబ్బ అంటారేమో, నెత్తిన ఊరికి నీళ్లిచ్చే ట్యాంకు, నడుము మీద ఎప్పుడో రాయి తవ్వి వదిలేసిన క్వారీ, పాదాల దగ్గర మేమూ మా బట్టలారేసిన తాళ్లూ. పొద్దున్నే పైకి పోయే సైకిళ్లన్నీ నా కిటికీ కిందనుంచే పోతాయి. తొక్కడం ఆపినప్పుడు వెనక చక్రం చేసే ఆ టిక్ టిక్ టిక్ చప్పుడు, గుప్పెడు సన్నమేకులు ఒక్కొక్కటే డబ్బాలో జారవిడిచినట్టు, అది వినపడితే నా అరికాళ్లు దుప్పటి కింద పెడళ్ల కోసం వెతుక్కుంటాయి. ఎండ ముదిరితే రాళ్లు కాలతాయి, వానల్లో బురద చక్రాన్ని వదలదు, చలిలో చీకటి విడిచేసరికి కొట్టు తెరిచే వేళవుతుంది. అన్నీ కలిసొచ్చేది చలి వెళ్లి ఎండ ఇంకా దయతో ఉన్న ఈ కాసిని వారాలే, రాత్రి మంచుకు తడిసిన మట్టి టైరును గట్టిగానూ పట్టుకోదు, వదిలెయ్యనూ వదిలెయ్యదు, దారి పక్కన పేరు తెలియని ఆ చెట్లు ఆకు కంటే ముందు పువ్వు వేస్తాయి, ఇంటి నుంచి పదడుగులు వేస్తే చాలు, రైలు టిక్కెట్టు లేదు, సెలవు పెట్టక్కర్లేదు, కొట్టు తెరిచే లోపు వెళ్లి రావచ్చు. నేను ఏడాది పొడుగునా బతికేది ఈ వారాల కోసం, ఆ వారాలు నా కిటికీ కిందనుంచి టిక్ టిక్ మంటూ పోతున్నాయి. తలెత్తితే కిటికీ, కిటికీ నిండా కొండ. ఒక్క క్షణం చూసి దించేస్తే ఏం పోతుంది, బుడగకు అంత తొందరేం ఉంది జారిపోవడానికి, అని లోపల బేరం మొదలవుతుంది, బేరంలో నేను ఎవరికీ లొంగను గానీ నాతో నేను బేరమాడితే ఎప్పుడూ ఆశే గెలుస్తుంది. ఇవాళ పొద్దున అలాగే గెలవబోయింది. మెడ వేలెడు లేచింది కూడా. వెనకనుంచి మా ఆవిడ అరచెయ్యి నెత్తి మీద పడింది.

"ఏమండీ! ఏం మునిగిపోయిందని ఆ లేవడం?"

"మెడ పట్టేసింది."

"మెడ కాదు, మిమ్మల్ని పట్టేసింది ఆ కొండ. పట్టి కన్ను పీక్కుంది, ఇంకా చాల్లేదు దానికి."

కొండకూ కంటికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది, మందం కళ్లద్దాలవాళ్లకు ఇది కూర్చున్నచోట కూడా రావచ్చంది. మా ఆవిడ వినదు. ఆవిడ స్కూలు వ్యాను నడుపుతుంది, వ్యానులో నిద్రపోయే పిల్లల తల కిటికీకి కొట్టుకోకుండా గుంత గుంతా తప్పించుకుంటూ పోవడమే ఆవిడ వృత్తి, "కుదుపు లేకుండా నడపడానికి నాకు జీతమిస్తారు, మీరు కుదుపుల కోసమే పొద్దున్నే లేచి పోతారు, ఇదేం పెళ్లి సంబంధమండీ మా నాన్న చూసింది," అని ఎప్పుడూ ఎగతాళి. ఆపరేషనయ్యాక ఎగతాళి పోయి పట్టుదల వచ్చింది. బావమరిది స్నేహితుడెవరో సైకిల్ అడుగుతున్నాడట, ఇచ్చేద్దామంటుంది. నేను ఇవ్వనూ అనలేదు, ఇస్తాననీ అనలేదు, ముఖం కిందికున్నవాడు ఏమన్నా నేలకే చెప్పినట్టుంటుంది. "అసలు ఏముందండీ అక్కడ? చెప్పండి, అర్థమయ్యేలా ఒక్కటంటే ఒక్కటి చెప్పండి," అంది ఇవాళ, నెత్తి మీద చెయ్యి తియ్యకుండానే. గాలి అన్నాను. గాలి ఇక్కడా ఉంది అంది. పూలు అన్నాను. బజార్లో ఉన్నాయి అంది. సరుకు గురించి ఎంత పొగిడినా కొనేవాడికి ఎక్కదు, నమూనా చేతిలో పెట్టాలి, అది తెలిసిన నేనే ఇన్నేళ్లూ ఆ ముక్క ఇంట్లో వాడలేదు. ఆదివారం, వ్యానుకు సెలవు, ఆదివారం ఇళ్లు బాగుచేసుకునేవాళ్లంతా మా కొట్టు మీద పడతారు గనుక బావమరిది అక్కడ ఊపిరాడకుండా ఉంటాడు, ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ, "సరే. నేనే వెళ్లి చూసొస్తాను. ఫోను జేబులో పెట్టుకుంటా, మీరు వింటూ ఉండండి. వచ్చాక చెప్తాను, ఉంచాలో ఇచ్చెయ్యాలో. కానీ నేను వచ్చేదాకా ఈ తల లేవకూడదు. లేచిందా, ఇంక మాటల్లేవు, సైకిల్ సాయంత్రానికల్లా పోతుంది," అంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోయే వీలున్న మనిషిని కాను.

ఫోనులోంచి మొదట వచ్చింది జేబు గుడ్డ రాపిడి, ఆ తర్వాత ఊపిరి. పెళ్లయి ఇన్నేళ్లయినా మా ఆవిడ ఊపిరిని ఇంత దగ్గరగా, మధ్యలో మాట లేకుండా ఇంతసేపు వినలేదు. వీధి తారుది, నున్నది, కొండ టైరుకున్న దుడ్డు పళ్లు దాని మీద తేనెటీగలా రొద పెడతాయి, రొద సన్నగా ఉంది, ఉండాల్సిన దానికంటే సన్నగా, ఎందుకబ్బా అనుకుంటూ ఉండగానే ఆ ఆలోచన జారిపోయి, వీధిలో ఇప్పుడు ఎండ ఏ గోడ దాకా వచ్చి ఉంటుందో లెక్క వేస్తున్నాను, మందుల షాపు మెట్ల మీద పిల్లి ఉంటుంది, దాని పక్కన బట్టలు ఇస్త్రీ చేసే అతను బొగ్గులు ఊదుతూ ఉంటాడు, నేను పోతుంటే తల ఊపుతాడు, ఇవాళ నా సైకిల్ మీద ఇంకొకరిని చూసి ఏమనుకుంటాడో. "మూల వచ్చింది," అంది ఫోను. మూల అంటే మా ఇద్దరికీ ఒకటే. నేను కొండ దిగి ఇంటికి వచ్చే వేళకు ఆవిడ ఖాళీ వ్యాను తీసుకుని పిల్లల కోసం బయల్దేరుతుంది, రోజూ ఆ మూల మీద ఎదురుపడతాం, నేను మోకాళ్లదాకా మట్టితో, ఆవిడ తల దువ్వుకుని, దుస్తులు ఇస్త్రీతో. ఆగం. ఆగే వీలు ఇద్దరికీ ఉండదు. ఆవిడ ఒక్కసారి హారన్ కొడుతుంది, పొట్టిగా, పీం అని, నేను చెయ్యెత్తుతాను, అంతే, అప్పుడు చూడాలి నన్ను, కాళ్లలో కొండ ఉంది, ఎదురుగా ఆవిడ ఉంది, రోజు ఇంకా ఎవరూ వాడనిది, ఆ మూల నుంచి మా గేటు దాకా ఉన్న నేల మీద నా అంత ఉన్నవాడు ఎవడూ లేడు. పొందేటప్పుడు దాన్ని ఎక్కడా కలుపుకోలేదు. రోజూ వచ్చేదాన్ని రాబడి అనుకోం, అలవాటు అనుకుంటాం.

తారు అయిపోయింది. చప్పుడు మారింది, క్వారీ కంకర. టప్ టప్ మని రాళ్లు ఎగిరి గొట్టాలకు తగులుతున్నాయి, అప్పుడు తెలిసింది ఇందాకటి సన్నని రొద సంగతి, టైర్లు రాయిలా ఉన్నాయి. నేనే నింపాను. ఆస్పత్రికి పోయే ముందు, ఇన్ని రోజులు ఊరికే ఉంటే గాలి దిగిపోతుందని, చెయ్యి పడిపోయేదాకా పంపు కొట్టి నింపాను. ఇది మా కొట్టు జబ్బు. కొలత ఏదైనా అంచుదాకా, తూకం ఏదైనా ముల్లు మనవైపు కాకుండా కొనేవాడి వైపు ఒరిగేదాకా, మా నాన్న నేర్పిన మర్యాద అది, గాలి విషయంలో కూడా అదే మర్యాద చేస్తాను. మొదటిసారి బావమరిది నన్ను కొండ మీదికి తీసుకుపోయినప్పుడు కూడా అలాగే చేసి, ఇదే కంకర మీద పడవలా జారి, పొదలో కూర్చున్నాను. వాడు దిగి, నన్ను లేపకుండా నా టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. "ఏంటి బావా ఇది, బస్తాలో సిమెంటు కుక్కినట్టు కుక్కావు! కొంచెం తగ్గితేనే నేల పట్టు దొరుకుతుంది. నిండుగా ఉన్నది నిలబడదు, దొర్లుతుంది," అని మూత విప్పి గాలి వదిలాడు. దేన్నైనా కావాలని తక్కువ చెయ్యడం నాకు నేర్పినవాడు వాడొక్కడే. ఆవిడకు చెప్పాలి, గాలి తీయమని చెప్పాలి, నోరు తెరిచేలోపు ఫోనులో కంకర మీద పొడుగ్గా ఒక గీత పడింది, "అబ్బా," అన్న కేక, ఇనుము నేలకు తగిలిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేకపోవడం అంటే ఊపిరి కూడా లేదు. పిలిచాను. పిలుపు పలకకు తగిలి నాకే తిరిగొచ్చింది. మెడలోని నరాలన్నీ ఒక్కసారి లేచాయి, చేతులు పైపుల్ని పట్టుకున్నాయి, లేవడానికో లేవకుండా ఉండటానికో వాటికే తెలియదు. లేస్తే మూడు అంగల్లో గేటు, గేటు దాటితే వీధి, పరుగెత్తితే ఎంతసేపు, కన్ను పోతే పోతుంది, ఇంకోటి ఉంది, ఇంకో ఆవిడ లేదు. పరుగెత్తి ఏం చేస్తావు, ఫోను ఉంది, బావమరిదికి చెయ్యి, వాడు కొట్టు వదిలి బండి మీద నీ కంటే ముందు పోతాడు, నువ్వు గుడ్డివాడిలా తడుముకుంటూ పోయి కంకరలో రెండో మనిషివి అవుతావు. ఫోను కోసం చెయ్యి చాచాను, తల అలాగే ఉంచి, వేళ్లతో పలక మీద వెతుక్కుంటూ, ఇవే నా చేతులు డబ్బాలో చూడకుండా ఏ మేకు కావాలంటే ఆ మేకు తీసేవి, ఇప్పుడు కళ్లెదురుగా ఉన్న ఫోను దొరకటం లేదు. దొరికేసరికి గుడ్డ రాపిడి, దగ్గు, ఉమ్మిన చప్పుడు.

"ఉన్నాను. కాలు పెట్టాను లెండి, పూర్తిగా పడలేదు. సైకిలే పడింది. మోచెయ్యి కొంచెం గీసుకుంది. తల ఎత్తారా?"

"లేదు."

"ఒట్టు?"

"వచ్చి బుడగనే అడుగు."

నవ్వింది. ఆ నవ్వుతో నా మెడ మళ్లీ తువ్వాల్లోకి దిగింది. గాలి సంగతి చెప్పాను, మూత విప్పి, నడిమి సూదిని గోటితో నొక్కమని, ముందరా వెనకా. ఎంతవరకు అంది. బొటనవేలితో నొక్కితే దోరగా మాగిన పండులా ఉండాలి అన్నాను. హిస్సుమని గాలి పోయే చప్పుడు, ఆగి మళ్లీ, మళ్లీ ఆగి. మొన్న డాక్టరమ్మ కూడా ఇలాగే, మూసిన రెప్ప మీద రెండు వేళ్లు పెట్టి నెమ్మదిగా నొక్కి, కొంచెం గట్టిగా ఉంది, చుక్కల మందు వేద్దాం, అంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకు నవ్వుతున్నారు అంటే ఏం చెప్పను, కొండ మీద మా బావమరిది కూడా ఇదే వైద్యం చేస్తాడని చెప్పనా. లోపలి గాలి ఎక్కువైతే కన్ను ఓర్చుకోదు, తక్కువైతే పొరకు పట్టు లేదు, కన్నైనా టైరైనా ఇంటివాళ్లయినా ఆ దోర దగ్గరే అంతా ఉంది, ఆ దోర వేలికి తెలుస్తుంది గానీ మాటకు అందదు. మళ్లీ ఎక్కింది. ఇప్పుడు టైరు గొంతు లావుగా, తృప్తిగా ఉంది, రాళ్లు ఎగరటం లేదు, చక్రం వాటి మీద మెత్తగా పడుకుని లేస్తోంది. "ఓహో," అంది మా ఆవిడ. ఆ ఓహో నాకు తెలుసు. నేనూ అక్కడే అన్నాను.

క్వారీ గోడ దాటాక ఎడమకు చెట్ల దారి. చెప్పక్కర్లేదు, చప్పుడు దానంతటదే చెప్పింది, ఎవరో గదిలోకి వెళ్లి తలుపు చేరవేసినట్టు టైరు చప్పుడు మెత్తబడింది, గాలి ఆగింది, ఒక పిట్ట, దానికి జవాబుగా ఇంకో పిట్ట. ఆవిడ తొక్కడం ఆపేసింది, టిక్ టిక్ టిక్, అదీ ఆగింది. పూలున్నాయా అన్నాను. "కింద ఉన్నాయి. దారంతా. వీటి మీదనుంచే పోవాలా?" అంది. వేరే దారి లేదు అన్నాను. "పాపం కదండీ," అంది. ఆ చెట్ల కిందే నా కన్ను పోవడం మొదలైంది. పొద్దున్నే, గాలికి తెల్ల రేకులు రాలుతున్నాయి, వాటి మధ్య నల్ల రేకులు కూడా రాలుతున్నట్టు కనిపించింది, గుప్పెడు మిరియాలు ఎవరో విసిరినట్టు, ఏదో పురుగు పట్టిందనుకున్నాను చెట్లకు, ఎంత బాగుందో కూడా అనుకున్నాను, తెలుపు మీద నలుపు, నిలబడి చూశాను. తల తిప్పితే నల్ల రేకులు కూడా తిరిగాయి, అప్పుడు అర్థమైంది చెట్లకు ఏమీ కాలేదని. అయినా ఇంకాస్త నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు గానీ ఆ ఇంకాస్తను ఇప్పటికీ దాచుకున్నాను, అదే కడసారి చూపు అయితే, నేను కడసారి చూసిన పూలు అవి. ఇప్పుడు వాటి వాసన కావాలనిపిస్తోంది, వాటికి వాసన లేదు, లేని వాసన కోసం ముక్కు తువ్వాల్లో కొట్టుకుంటోంది. కిందున్న పలక మీద మాసిన నీడ తప్ప ఏమీ లేదు. చీమ ఒకటి వచ్చింది, పెచ్చూడిన మూలలో దిగి, తిరిగి ఎక్కి, వెళ్లిపోయింది. దానికీ ఒక క్వారీ దొరికింది.

ఎక్కుడు మొదలైంది, ఊపిరి పెద్దదైంది. "ఏ గేరండీ?" అంది. వ్యాను నడిపేదానివి నన్నడుగుతావేం, ఇంజను ఏడవకముందే తగ్గించు అన్నాను. "ఇంజను నేనే కదండీ, ఎప్పుడో ఏడుస్తున్నాను," అంది, గేరు పడిన చప్పుడు టక్కుమని, నా తొడలు పక్క మీద బిగుసుకున్నాయి. ఆ మలుపు దగ్గర వేరు ఒకటి అడ్డంగా ఉంటుంది, ముందు చక్రం కాస్త లేపాలి, చెప్దామనుకునేలోపు దాటేసింది, దాటినట్టు ఒక చిన్న ఊపు వినపడింది, ఎలా దాటిందో, ఇన్నాళ్లు గుంతలు తప్పించిన చేతులకు గుంత ఎక్కడుందో ముందే తెలుస్తుందేమో, తప్పించేవాడికీ వెతుక్కునేవాడికీ కావాల్సిన చూపు ఒకటేనేమో. మాటలు లేవు. ఆవిడ ఊపిరి, నా ఊపిరి, చెయిను. కాసేపటికి రెండు ఊపిర్లలో ఏది ఎవరిదో తెలియలేదు, పైన గాలి హోరు తగిలాకే తెలిసింది ట్యాంకు దగ్గరికి వచ్చేసిందని, ఆగిందని, సైకిల్ని గడ్డిలో పడుకోబెట్టిందని.

"మన ఇల్లు కనపడుతోంది," అంది. "ఇంత చిన్నదా! తాడు మీద మీ చొక్కా కనపడుతోంది. కిటికీ కనపడుతోంది."

"నేను కనపడుతున్నానా?"

"కనపడరు. అయినా చూస్తున్నాను."

ట్యాంకు పక్కన రాయి మీద కూర్చుని రోజూ నేను చూసేదీ ఆ కిటికీనే, దాని పక్కన వంటింటి దీపం ఆరిందంటే వ్యాను తాళాలు తీసుకుందని గుర్తు, అప్పుడు నేను దిగడం మొదలుపెడితే మూల దగ్గర కలుస్తాం, ముందైతే నేను ఆగాలి, ఆలస్యమైతే ఆవిడ దాటిపోతుంది. ఇన్నేళ్లూ ఆ కలవడం అనుకోకుండా జరుగుతుందని ఆవిడ అనుకుంటోంది. అక్కడ కూర్చుని కిటికీని చూస్తూ ఆవిడ కోసం ఎదురుచూడటం కొండ ఇచ్చే వస్తువుల్లో ఒకటని, ఏముందండీ అక్కడ అన్నప్పుడు చెప్పాల్సింది అదేనని ఇప్పుడు తోస్తోంది. ఇంట్లో ఉన్న మనిషి మీద బెంగపడాలంటే కాస్త ఎత్తు కావాలి.

"ఎలా దిగాలో చెప్పరేం?" అంది. చెప్పాను. కూర్చోవద్దు, పెడళ్ల మీద నిలబడు, మోకాళ్లు వదులుగా, బ్రేకు మీద ఒక్కో వేలు చాలు, చక్రం ముందుకు కాదు, దారి మలుపు తిరిగే చోటికి చూడు, సైకిల్ నీ కింద ఆడుతుంది, ఆడనివ్వు, పట్టుకోకు. "వ్యానులో ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది," అంది. ఇవాళ ఆదివారం అన్నాను. టిక్ టిక్ టిక్, నెమ్మదిగా, తర్వాత గబగబా, తర్వాత విడివిడిగా వినపడనంత గబగబా, ఒకే దారంలా, గాలి ఫోను నిండా దూరి హోరెత్తింది, ఆ హోరులోంచి, "ఏమండీ," అంది. ఏమిటి అన్నాను. "ఏమండీ!" అంది మళ్లీ, పెద్దగా. పడిందేమో అనుకున్నాను, కాదు, చక్రం తిరుగుతూనే ఉంది, రాయి మీదనుంచి దూకింది, నేల దొరికింది, "ఏమండీ... ఏమండీ... ఏమండోయ్!" అని కొండ దిగినంతసేపూ అదొక్కటే మాట, అరుపూ నవ్వూ కలిసిపోయి, ప్రతి కుదుపుకూ ఒకసారి, నన్ను పిలవడం కాదు అది, సంతోషానికి ఇంకో మాట దొరక్క దగ్గరున్న మాట వాడేసింది. పెళ్లయిన కొత్తలో ఇలా నవ్వేది, వానలో బస్సు తప్పిపోయిన రోజున ఇలా నవ్వింది, ఆ తర్వాత ఇల్లూ కొట్టూ వ్యానూ, అందరం బాగున్నాం, ఎవరూ ఏమీ తీసుకుపోలేదు, ఆ నవ్వు మాత్రం ఎప్పుడు ఎక్కడ దిగిపోయిందో చూసుకోలేదు. కొండ మీద ఉందన్నమాట. నేను రోజూ దాని పక్కనుంచే పోతున్నానన్నమాట. నేను కూడా అరిచాను, పలక మీదికి, మలుపు అని, ఎడమ అని, ఏదో, ఆవిడకు వినపడి ఉండదు.

తారు వచ్చింది, రొద వచ్చింది, ఇప్పుడది సరైన రొద. మూల దగ్గర, నోటితో, పొట్టిగా, "పీం," అంది.

నేను చెయ్యెత్తాను. తల కాదు, చెయ్యి. మంచం పక్కనుంచి, గదిలో ఎవరూ లేకపోయినా.

గేటు చప్పుడు. వసారా దగ్గర ఆగుతుందనుకుంటే ఆగలేదు, టిక్ టిక్ మంటూ గడప దాటి ముందు గదిలోకి, అక్కడినుంచి నా గదిలోకి. "తల ఎత్తకండి," అంది, ఊపిరి ఇంకా కుదుటపడలేదు, చెమటా గడ్డీ కలిసిన వాసన వచ్చింది, ఎన్నాళ్ల తర్వాతో. స్టాండు కిందికి, నా ముఖం కిందికి, ముందు చక్రాన్ని దొర్లించింది. ఫోను పక్కకు నెట్టేసింది. నా మంచి కంటికి జానెడు దూరంలో టైరు, దాని పళ్ల మధ్య ఎర్రమట్టి, ఇంకా తడిగా, క్వారీ నుసి మెరుస్తూ, ఒక గడ్డి పరక, నలిగి మట్టిలోకి ఇంకిపోయిన తెల్ల రేకు, ఇంకోటి నలగకుండా అంచున అంటుకుని. చక్రాన్ని నెమ్మదిగా తిప్పింది, కొండ మొత్తం ఆ జానెడు జాగాలో వరసగా వచ్చి పోయింది. నేను చెయ్యి దించి బొటనవేలితో నొక్కి చూశాను. సరిగ్గా దోర.

"తమ్ముడికి ఫోన్ చేసి చెప్పండి, సైకిల్ ఇవ్వడం లేదని."

"ఉంచుకుంటున్నామా?"

"మనం కాదు, నేను. నా ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. మీరు ఇంకోటి చూసుకోండి."

"నాకెందుకు ఇంకోటి? రేపు డాక్టరమ్మ ఏమంటుందో."

ఆవిడ నేల మీద కూర్చుంది, మోచేతి గీత, మట్టి మోకాలు నా పలకలోకి వచ్చాయి. "ఏమన్నా సరే. ఎప్పుడు ఎక్కమంటే అప్పుడే ఎక్కుదురు. కన్ను ఒకటైనా రెండైనా నా వెనకాల రావడానికి చాలు. ముందు దారి నేను చూసుకుంటాను," అంది.

ముఖం కిందికున్నవాడి కన్నీళ్లు చెంప మీద జారవు, తిన్నగా నేల మీద పడతాయి, దాచుకోవడానికి వీలుండదు. ఆవిడ చూసింది, తువ్వాలు అంచుతో పలక తుడవబోయి మానేసింది.

రేపటి మూట రేపు విప్పుతారు, ఇవాళ్టిది ఇవాళే కట్టేస్తాను. సైకిల్ చేతులు మారింది, అది పోయింది. ఈ ఏటి వసంతం పోయింది, చెట్లు ఎలా ఉన్నాయో ఎవరైనా చెబితే వినాల్సిందే. వచ్చినవాటిలో ఒక నవ్వు ఉంది, అది పాత సరుకే గానీ పోయిందనుకున్నది తిరిగొస్తే కొత్తదాని కంటే ఎక్కువ. ఒక తోడు ఉంది, నా కంటే బాగా దిగుతుందేమోనని అనుమానం. చక్రం వెనక్కి లాగుతుంటే ఆ నలగని రేకు ఊడి పలక మీద పడింది, వెళ్లి పెచ్చూడిన మూలలో ఆనింది, కన్నీటి తడికి అక్కడే నిలిచింది. దాన్ని కదపలేదు. తల దించుకునే చూస్తున్నాను.